ఒంటరి వేగం

మూడో నంబరు కిటికీ ఇవతల కూర్చుని
నేను పందెం టికెట్లు కొడతాను.
అద్దానికి అరచేయంత కంత.
ఇరవై రెండేళ్లుగా అందులోంచి చేతులే చూశాను:
వణికేవి, చెమటతో నోటుకి అంటుకుపోయేవి,
ఉంగరం ఉండాల్సిన చోట తెల్లటి చార మిగిలినవి.
వెర్నా పియాటెక్ చేతికి మాత్రం
చిటికెన వేలి పక్కన పెన్సిలు మసి.

ముప్ఫై ఒక్కేళ్లు స్కూలు బస్సు నడిపిన మనిషి.
ఫింగర్ లేక్స్ మంచులో ఏ మలుపుకి
ఎంత ముందు బ్రేకు మీద కాలు వెయ్యాలో
పాదానికి ఇప్పటికీ గుర్తేనట.
రిటైరయ్యాక గుర్రాల వెంట పడింది.
గుర్రాల వెంట కూడా కాదు,
వాటి దమ్ము ఎక్కడ ఖర్చవుతుందో దాని వెంట.

"ఎవరు గెలిచారో పేపరువాడు రాస్తాడు.
ఎలా ఖర్చయ్యారో ఎవడూ రాయడు" అంటుంది.
సెకన్లని అడుగుల్లోకి దించుతుంది:
టిన్ రూఫ్ అనే గుర్రానికి
మొదటి పావుమైలు ఇరవై రెండూ పాయింటు నాలుగు,
అంటే సెకనుకి యాభై తొమ్మిది అడుగులు, వెంట్రుకవాసి తక్కువ.
రెండో పావులో యాభై ఆరు.
చివరి పావులో యాభై ఒకటి కూడా లేదు.
"చూశావా, శుక్రవారం జీతం
శనివారం పొద్దున్నకే అయిపోయింది."

నిదానమే ప్రధానం అనుకునేరు, అదేం కాదు.
నిదానంగా వచ్చి నిదానంగానే ఓడిన గుర్రాలతో
ఆమె నోటుబుక్కు సగం నిండింది.

నవంబరు. ఐదో రేసు. ఆరు ఫర్లాంగులు.
ఐదు వేల డాలర్లు పారేస్తే
ఎవరైనా తోలుకుపోగల గుర్రాలు.
ముందుకు దూకేవి రెండే: టిన్ రూఫ్, సెకండ్ మార్ట్‌గేజ్.
"ఒకదాన్నొకటి తినేస్తాయి" అంది వెర్నా.
"ఎముకలేరుకుంటూ వెనక నుంచి డీకన్ హిల్ వస్తుంది."

నాకు మా అన్న ఎల్బర్ట్ గుర్తొచ్చాడు.
ఒకే ఏడు, ఒకే రోడ్డు మీద, ఎదురెదురుగా
టైర్ల షాపులు పెట్టాం ఇద్దరం.
వాడు రెండు డాలర్లు తగ్గిస్తే నేను మూడు.
వాడిది మూతపడ్డ నాలుగు నెలలకి నాదీ.
ఈ సంగతి కంతలోంచి చెప్పేది కాదు. చెప్పలేదు.

డీకన్ హిల్, ముసలి బూడిద గుర్రం, ఒకటికి పదకొండు.
ఇరవై డాలర్లు లోపలికి తోసింది.
అప్పుడే మైకు గరగరలాడింది:
రెండో నంబరు, సెకండ్ మార్ట్‌గేజ్,
డాక్టరు చెప్పడంతో రేసు నుంచి తప్పించారు.

బీరు క్యూలో ఒక్క తల లేవలేదు.
వెర్నా చెయ్యి నోటు మీదే ఆగిపోయింది.
నేను మీట నొక్కలేదు.
వెనకెవరో విసుక్కున్నారు, "బామ్మా, బస్సు పోతోంది."
పోనీలే అన్నట్టు నవ్వి
పాత టికెట్టు వెనక రాసింది: మొదటి పావు ఇరవై మూడైతే?
అంతే, ఆ ప్రశ్నగుర్తు దగ్గరే పెన్సిలు ఆపి
"టిన్ రూఫ్" అంది.
వారం రోజుల లెక్క, ఒక్క ఊపిరిలో కొట్టివేత.

టీవీలో చూశాను.
టిన్ రూఫ్ ముందుంది. పక్కన గాలి తప్ప ఏమీ లేదు.
జాకీ, నిండు పాలగిన్నె పట్టుకున్నవాడిలా కదలకుండా ఉన్నాడు.
మొదటి పావు ఇరవై మూడూ పాయింటు రెండు.
ఆరంభశూరుడని మేమంతా పేరుపెట్టిన గుర్రానికి
చివరి మలుపులో ఇంకా ఊపిరుంది!
డీకన్ హిల్ వచ్చింది, బాగానే వచ్చింది,
తన జన్మకి ఎంత పరిగెత్తగలదో అంతా పరిగెత్తింది.
మెడంత దూరం మిగిలిపోయింది.

యాభై ఆరు డాలర్లు లెక్కపెట్టి కంతలోంచి ఇచ్చాను.
"ముందు పరిగెత్తడం తప్పు కాదోయ్,
పక్కన ఇంకొకడు పరిగెత్తడమే ఖర్చు" అంది.
డబ్బు చూసుకోకుండా నోటుబుక్కు తెరిచి
గెలిచినదాని గురించి ఏమీ రాయలేదు.
డీకన్ హిల్ ఎదురుగా రాసుకుంది:
*తప్పు దీనిది కాదు. మళ్లీ చూడాలి.*

సాయంత్రం కిటికీ మూసి బయటికొస్తే సన్నగా మంచు.
పార్కింగు చివర ఆమె కారు,
ముందూ వెనకా ఇంకో కారు లేదు.
మలుపుకి చాలా ఇవతలే
బ్రేకు దీపాలు ఎర్రగా వెలిగాయి.